కుడివైపు పేజీ

ఇల్లు, వంటింటి బల్ల
జనవరి 12

చెల్లికి,

ఉత్తరం చూసి కంగారుపడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, ఫోను కూడా పనిచేస్తోంది. ఫోన్లో అయితే నువ్వు నా మాట ఏనాడూ పూర్తి కానివ్వవు. దీన్ని మాత్రం చివరిదాకా చదవక తప్పదు. అసలు కారణం వేరే ఉందిలే, చెబుతాను.

మీ బావ పనిచేసే యూనివర్సిటీలో ఉద్యోగుల ఇంటివాళ్ళు ఏడాదికి ఒక క్లాసులో ఉచితంగా కూర్చోవచ్చట. పాతికేళ్ళుగా అక్కడ కరెంటు పని చేస్తున్న మనిషికి ఈ సంగతి మొన్ననే తెలిసింది. నోటీసు బోర్డు మీది ట్యూబ్‌లైటు మారుస్తూ చదివారట. నేను వెళ్ళేసరికి రెండు క్లాసుల్లోనే ఖాళీ ఉంది. ఒకటి వంతెనల కింద మట్టి గురించి. రెండోది మనుషులూ ఇతర జంతువులూ ఎలా ఆలోచిస్తారన్న దాని గురించి. మట్టి నాకు ఇంట్లోనే కావలసినంత ఉంది గనక రెండోది తీసుకున్నాను.

మొదటిరోజు నేను గదిలోకి వెళ్ళగానే పిల్లలంతా లేచి నిలబడ్డారు, నేనే ప్రొఫెసర్ననుకుని. తర్వాత అసలు ప్రొఫెసర్‌గారు వస్తే ఒక్కరూ లేవలేదు. సన్నటి మనిషి, మోచేతి నిండా సుద్దపొడి. వస్తూనే అన్నారు: "కోతి తెలివైనదా, కాకి తెలివైనదా అని పందాలు వేయడానికి వచ్చినవాళ్ళు లేచి వెళ్ళిపోవచ్చు. ఒక జీవికి ఫలానాది తెలుసు అని మీరంటారు. అది మీకెలా తెలిసింది? ఐదు నెలలూ మనకి ఇదొక్కటే ప్రశ్న."

నాకు నచ్చింది. పచ్చడి పాడైందని ఎవరైనా అంటే నేను అడిగేదీ అదే కదా.

మాకు రెండు పనులు ఇచ్చారు. ఒకటి, నేర్చుకున్నది క్లాసులో లేని ఒకరికి ఉత్తరంగా రాయాలి. ఆ ఉత్తరాలు ప్రొఫెసర్‌గారు చదవరు. రాస్తుంటే మనకెక్కడ అర్థం కాలేదో మనకే తెలుస్తుందట. అందుకని నువ్వు దొరికావు. రెండోది, ఒక జంతువుని ఎంచుకుని దానికి ఒక విషయం తెలుసో లేదో పరీక్షించి, అంతా రాసిపెట్టాలి. మా కుక్క దొరగారు ఉండనే ఉన్నాడు, తిని పడుకోవడం తప్ప పనేముంది? వాడి జ్ఞాపకశక్తి కొలుస్తాను. కొత్త నోటుపుస్తకం కొని గీతలు కొట్టుకున్నాను.

పిచ్చుక ఎలా ఉంది? పెద్దమ్మ అడిగిందని చెప్పు.

మీ అక్క

*

కళ్ళజోళ్ళ షాపు, వెనక గది
జనవరి 20

అక్కకు,

నీ ఉత్తరం ఫ్రేముల పార్సెలుతో పాటు షాపుకే వచ్చింది. మా పెద్దాయన కవరు తిప్పి తిప్పి చూసి, "ఎవరమ్మా ఈ కాలంలో స్కేలు పెట్టి అడ్రసు రాసేది?" అన్నారు. "మా అక్కండీ. ఏ గదిలో బల్బు ఏ తారీఖున మార్చారో రాసిపెట్టే మనిషి" అన్నాను. "అలాంటివాళ్ళు మన షాపుకి రారు, కళ్ళు పాడుచేసుకోరు" అని నిట్టూర్చారు.

నా పని తెలిసిందే. చీకటిగదిలో వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, ముక్కు మీద పరీక్ష ఫ్రేము పెట్టి, ఒక కంటికి నల్ల బిళ్ళ వేసి, రెండో కంటికి అద్దాలు మార్చి మార్చి "ఇదా? ఇదా?" అంటాను. రోజుకి పదిహేను మంది. నిద్రలో కూడా "ఇదా? ఇదా?" అంటున్నానని మీ మరిది ఏడిపిస్తున్నారు.

దొరగారి జ్ఞాపకం సంగతి సరే, నా కూతురి సంగతి విను. పిచ్చుకకి మేలో ఆరేళ్ళు నిండుతాయి, ఇంకా ఒక్క మాట పలకలేదు. చెవులు బాగున్నాయని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. పలకకపోతే పోనీలే అని, మా షాపులో పారేసే అట్టపెట్టెలు కోసి కార్డులు చేశాను. ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ: నీళ్ళు, చెప్పులు, దువ్వెన, పాలు. నాలుగేసి కార్డులు నేల మీద పరిచి "నీళ్ళేవే?" అంటాను. అది నా వంక చూస్తుంది, చెయ్యి చాస్తుంది, నీళ్ళు తీసి నా చేతిలో పెడుతుంది! నాలుగు నెలల్లో నలభై కార్డులు. నలభైకి నలభై, అక్కా. దానికి అన్నీ తెలుసు. నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను, మీరెవరూ నమ్మలేదు.

పక్క వీధి స్కూల్లో, మాట రాకపోయినా అర్థం చేసుకోగల పిల్లల్ని మామూలు పిల్లలతో కలిపి కూర్చోబెట్టే క్లాసు ఒకటుంది, వేసవి సెలవుల్లోనూ నడుపుతారు. మే ఇరవైన తీసుకురమ్మన్నారు. తల్లిని బయట ఉంచి ఒక టీచరు పిల్లతో అరగంట కూర్చుంటుందట. పిల్లకి ఏమేం తెలుసో ముందే మనం ఫారంలో రాయాలి, అక్కడినుంచి మొదలుపెడతారు. "నలభై మాటలు" అని రాసేశాను. అక్కడ తీసుకోకపోతే ఇక మిగిలేది డే కేరు. అన్నం పెడతారు, పడుకోబెడతారు, సాయంత్రం పంపేస్తారు. అక్కడ ఏళ్ళ తరబడి ఉన్న పిల్లల్ని చూశాను. అది అక్కడికి వెళ్ళకూడదు. వెళ్ళదు కూడా.

నీ చెల్లి

*

ఇల్లు, వంటింటి బల్ల
ఫిబ్రవరి 6

చెల్లికి,

నలభై కార్డులా! మీ బావకి చదివి వినిపించాను. "ఆ పిల్ల మాట్లాడటం మొదలుపెడితే మీ అక్కచెల్లెళ్ళిద్దరికీ చోటుండదు" అన్నారు.

ఇక్కడా శుభవార్తే. నా పరీక్ష ఇది: దొర చూస్తుండగా రెండు బోర్లించిన గిన్నెల్లో ఒకదాని కింద బిస్కెట్టు ముక్క పెడతాను. వాసన పట్టి కనుక్కోకుండా రెండు గిన్నెలకీ బిస్కెట్టు రుద్దుతాను. అడ్డంగా తెర వేస్తాను. కాసేపాగి తెర తీస్తే వాడు వెళ్ళి ఒక గిన్నెని ముక్కుతో తోస్తాడు. ఒక నిమిషం ఆగితే ఇరవైసార్లకి పద్దెనిమిది సార్లు సరిగ్గా తోశాడు. పది నిమిషాలు ఆగితే పదిహేడు. వారమంతా కూర్చుని అరగంట చొప్పున ఇరవైసార్లు చేశాను, మళ్ళీ పదిహేడు! నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో నాకు పది నిమిషాలు గుర్తుండదు. ఈ దొరకి అరగంట గుర్తుంటోంది. మొన్న క్లాసులో గింజలు దాచుకునే ఒక పక్షి గురించి చెప్పారు. దాస్తున్నప్పుడు ఇంకో పక్షి చూసిందంటే, తర్వాత ఒంటరిగా వచ్చి గింజలు వేరే చోటికి మార్చేస్తుందట. ఎదుటివాడు చూశాడని దానికి తెలుసన్నమాట. నేను బీరువా తాళాలు పెట్టే చోటు మార్చినట్టు.

నోటుపుస్తకంలో ఎడమవైపు పేజీలన్నీ నిండిపోయాయి: తారీఖు, వేళ, గిన్నె, దొర ఎలా నడిచాడు, తోక ఎటు ఉంది. కుడివైపు పేజీలు ఎందుకైనా మంచిదని ఖాళీగా ఉంచాను. వచ్చే మంగళవారం ప్రొఫెసర్‌గారికి చూపించాలి.

మీ అక్క

*

ఇల్లు, ముందు గది
ఫిబ్రవరి 15

అక్కకు,

ఈ రోజు సెలవు. కార్డులు నలభై నాలుగయ్యాయి. కొత్తవి నాలుగూ చూపించిన మొదటిరోజే ఇచ్చేసింది. ఒక్కసారి చెబితే చాలు, పట్టేస్తుంది.

తమాషా ఏమిటంటే వాళ్ళ నాన్నకి మాత్రం ఇవ్వదు. నిన్న ఆయన కూర్చుని అడిగారు. "దువ్వెనేదిరా తల్లీ?" అంటే పాల కార్డు ఇచ్చింది, "పాలు?" అంటే చెప్పులు. ఆయన పేపరు చదువుతూ అడుగుతారు, దానికి కోపం వచ్చి ఉంటుంది. "నాకివ్వదు, నీకే ఇస్తుంది. మీ ఇద్దరిదీ ఏదో ఒప్పందం" అని నవ్వి లేచిపోయారు. మంకుపట్టు మన నాన్న పోలిక.

మే ఇరవైకి నువ్వు రావాలి. టీచరు దాన్ని లోపలికి తీసుకెళ్ళినప్పుడు బయట బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చోలేను.

నీ చెల్లి

*

ఇల్లు
ఫిబ్రవరి 24

చెల్లికి,

ఉత్తరం అందింది. ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. మీ బావకి నిచ్చెన మీద కాలు జారి మడమ వాచింది, తగ్గిపోతుంది. డబ్బాలన్నీ కడిగి ఎండబెట్టి తారీఖులు మార్చి అంటించాను.

కుక్క పరీక్ష సరిగ్గా రాలేదు. మళ్ళీ చేయాలి.

నువ్వు కార్డులు అడిగేటప్పుడు ఎక్కడ కూర్చుంటావు? దానికి ఎదురుగానా, పక్కనా? ఊరికే అడుగుతున్నాను.

మీ అక్క

*

కళ్ళజోళ్ళ షాపు
మార్చి 2

అక్కకు,

ఇదేం ఉత్తరం? మడమ, డబ్బాలు, ఎండలు. నాలుగు పేజీలు రాసే మనిషివి పోస్టుకార్డుకి సరిపడా రాశావు. "ఊరికే అడుగుతున్నాను" అట! నువ్వు పుట్టాక ఏదైనా ఊరికే అడిగావా?

ఎదురుగా కూర్చుంటాను. ఇంకెక్కడ కూర్చుంటారు? ఏదో దాస్తున్నావు. చెప్పు.

నీ చెల్లి

*

ఇల్లు, వంటింటి బల్ల
మార్చి 9

చెల్లికి,

చెబుతాను. ఇది నాలుగోసారి రాయడం, మూడు చించేశాను.

ప్రొఫెసర్‌గారు నా నోటుపుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివారు. క్లాసులో ఇంత చక్కగా ఎవరూ రాయలేదన్నారు. నేను పొంగిపోయేలోపే, "తెర తీసేటప్పుడు మీరెక్కడ నిలబడ్డారు?" అని అడిగారు. గిన్నెల వెనక అన్నాను. "బిస్కెట్టు ఎక్కడుందో మీకు గుర్తుందా?" ఉండదా మరి, నేనే కదా పెట్టింది! "అయితే మీరు అరగంట కొలిచింది ఎవరి జ్ఞాపకం?" అన్నారు. తర్వాత ఖాళీ పేజీల మీద వేలు పెట్టి, "కుక్క తోక ఎటుందో కూడా రాశారు. మీ గురించి ఒక్క ముక్క లేదు. ఇవి మీ పేజీలు" అన్నారు.

ఇంటికొచ్చి మళ్ళీ చేశాను. ఈసారి దొర చూస్తుండగా మీ బావ బిస్కెట్టు పెట్టి బయటికి వెళ్ళిపోతారు, ఏ గిన్నె కిందో నాకు తెలియదు. ఒక నిమిషానికి పదిహేడు వచ్చాయి. అరగంటకి పదకొండు. చెల్లీ, రెండు గిన్నెల్లో గుడ్డిగా ఒకటి తోసినా పది వస్తాయి. నిమిషం జ్ఞాపకం వాడిదే. అరగంట నాది. వాడు నన్ను చూసి వెళ్ళేవాడు.

నేనేం చెయ్యలేదని ప్రమాణం చేసి చెప్పగలను. చెయ్యి చూపలేదు, తల తిప్పలేదు. మర్నాడు మళ్ళీ పాత పద్ధతిలో నేనే బిస్కెట్టు పెట్టి చేస్తుంటే, మీ బావ మూల కుర్చీలో కూర్చుని దొరని వదిలేసి నన్ను గమనించారు. "పొంగబోయే పాల గిన్నె ముందు నిలబడ్డట్టు నిలబడతావు. వాడు తప్పు గిన్నె వైపు అడుగేస్తే ఊపిరి బిగబడతావు. ఒప్పు వైపు తిరిగాడో లేదో, భుజాలు దిగుతాయి" అన్నారు. నేనది ఈ నలభై ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ గమనించుకోలేదు. కుక్క రెండు వారాల్లో గమనించింది.

ఇప్పుడు ఎందుకు దాచానో నీకు అర్థమయ్యే ఉంటుంది. పిచ్చుక నీ వంక చూస్తుంది, తర్వాత చెయ్యి చాస్తుంది అని నువ్వే రాశావు. వాళ్ళ నాన్న పేపరు చదువుతూ అడిగితే తప్పు ఇస్తుందనీ రాశావు. కొత్త కార్డులు మొదటిరోజే వచ్చేశాయన్నావు.

నేను పొరబడ్డానేమో. పొరబడితే నా అంత సంతోషించేవాళ్ళు ఉండరు. కానీ మే ఇరవైన నువ్వు తలుపు బయట ఉంటావు. లోపల టీచరు ఫారం చూసి నలభై మాటల నుంచి మొదలుపెడుతుంది. అప్పుడు ఒక్కటి కూడా ఇవ్వకపోతే, దీనికేమీ తెలియదు అని రాసేస్తుంది. ఆ కాగితం పిచ్చుక వెంట ఎన్నేళ్ళు తిరుగుతుందో ఆలోచించు. ఒక్కసారి వెనక్కి తిరిగి నిలబడి అడిగి చూడు.

చిన్నప్పుడు నాన్న గుమ్మంలోకి రాగానే ముఖం చూసి ఆ రోజు ఆడుకోవచ్చో, మూల కూర్చోవాలో నాకు ముందు చెప్పేదానివి నువ్వే. నాకంటే ఐదేళ్ళు చిన్నదానివి. నీ కూతురికి అది ఎక్కడినుంచి వచ్చిందో నేను వేరే అడగక్కర్లేదు.

మీ అక్క

*

కళ్ళజోళ్ళ షాపు
మార్చి 15

అక్కకు,

చదివాను. చివరిదాకా చదవక తప్పదన్నావుగా, చదివాను.

నా కూతుర్ని నీ కుక్క పక్కన కూర్చోబెట్టి కొలిచావు. నీకు అదొక పాఠం, నోటుపుస్తకంలో ఒక పేజీ. ఈ ఆరేళ్ళలో దాని గురించి ఎవరెవరు ఏమేం అన్నారో నీకు తెలుసు. "మొద్దు" అన్న మీ అత్తగారి దగ్గరనుంచి అందరినీ భరించాను. నువ్వొక్కదానివీ అనలేదు. ఇప్పుడు అన్నావు, చక్కగా స్కేలు పెట్టి గీతలు కొట్టి మరీ అన్నావు.

మే ఇరవైకి నువ్వు రానక్కర్లేదు.

*

ఇల్లు
మార్చి 28

చెల్లికి,

ఫోనెత్తడం లేదు. సరే.

దాన్ని పుట్టినప్పటినుంచీ పిచ్చుక అని పిలుస్తున్నది మనమే, అప్పుడు ఎవరికీ తప్పనిపించలేదు. అయినా నీకు నొప్పి కలిగింది. నొప్పి నా ఉత్తరం వల్లే కలిగింది గనక క్షమించు. రాసిన మాట మాత్రం వెనక్కి తీసుకోలేను.

కుడివైపు పేజీలు నింపుతున్నాను. మొదటి పేజీలో ఇలా రాశాను: "ఫిబ్రవరి 18. చెల్లి ఉత్తరం చదివాను. విషయం అర్థమైంది. చెప్పడానికి పంతొమ్మిది రోజులు భయపడ్డాను."

మీ అక్క

*

కళ్ళజోళ్ళ షాపు, ఆదివారం, షాపు మూసి ఉంది
ఏప్రిల్ 20

అక్కకు,

నెల దాటింది. నీ ఉత్తరం చెప్పుల బీరువాలో అడుగున పెట్టేశాను. రోజూ చెప్పులు తీయాలి గనక రోజూ కనిపించింది.

పది రోజుల క్రితం ఒక ముసలాయన వచ్చారు, లారీ డ్రైవరు. అక్షరాల బోర్డు గడగడా చదివేశారు, చివరి వరుసతో సహా. అంత వయసులో అలా చదివితే మేం బోర్డు తిప్పుతాం. వెనక వేరే అక్షరాలుంటాయి. తిప్పాను. మొదటి వరుసలో ఏనుగంత అక్షరం కూడా కనిపించలేదు పాపం. బయట కుర్చీలో కూర్చుని, ముందు మనిషి చదువుతుంటే విని కంఠతా పట్టేశారు. "ఎందుకండీ ఇలా?" అంటే, "చూపు లేదంటే బండి దిగమంటారమ్మా" అన్నారు. నాకు కోపం రాలేదు. బోర్డు మళ్ళీ యథాప్రకారం తిప్పుతుంటే చెయ్యి ఆగిపోయింది. అనుమానం వస్తే ఎవరికైనా బోర్డు తిప్పే మనిషిని, ఇంట్లో మాత్రం తిప్పలేదు. ఈ షాపులో చేరిన మొదటిరోజు పెద్దాయన నేర్పిన మాట ఒక్కటే: "రెండు 'ఇదా'లూ ఒకే గొంతుతో అనమ్మా. గొంతు మారితే వచ్చినవాళ్ళు అద్దం చూడరు, నిన్ను చూస్తారు." పదకొండేళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ ఒకే గొంతుతో అన్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో గోడ వైపు తిరిగి నిలబడి పిచ్చుకని అడిగాను. మీ మరిది కార్డులు పరిచి రాసుకున్నారు. నలభై సార్లకి పదకొండు. నాలుగింట్లో ఒకటి గుడ్డిగా తీసినా పది వస్తాయని, నీ దగ్గర చదువుకోకుండానే లెక్క కట్టగలను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "దానికి అన్నం పెడతాను, నువ్వు కాసేపు పడుకో" అన్నారు. పడుకోలేదులే. ఏడ్చాను.

ఇక ఈ రోజు సంగతి చెప్పాలి. అందుకే రాస్తున్నాను.

గోడ వైపు తిరిగితే పిల్ల భయపడుతోందేమోనని, ఎదురుగా కూర్చునే ఇంకో దారి ఆలోచించాను. ఆదివారం కదా, తాళం చెవి నా దగ్గరే ఉంది, దాన్నీ కార్డులనీ షాపుకి తీసుకొచ్చాను. పరీక్ష ఫ్రేము నేనే పెట్టుకుని, రెండు కళ్ళకీ నల్ల బిళ్ళలు వేసుకున్నాను. చెయ్యి చాచి "నీళ్ళేవే?" అన్నాను. చప్పుడు లేదు. మళ్ళీ అడిగాను. అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. నా ముఖం మీద దాని ఊపిరి తగిలింది. కుడికంటి బిళ్ళకి చిన్న పిడి ఉంటుందే, అది పట్టుకుని మెల్లగా పైకి లాగి తీసేసింది. నా కంట్లోకి చూసింది. వెళ్ళి నీళ్ళ కార్డు తెచ్చి చేతిలో పెట్టింది.

బిళ్ళ మళ్ళీ వేశాను. మళ్ళీ తీసింది. తొమ్మిదిసార్లు, అక్కా. మూడోసారి నుంచి కార్డుల వంక చూడనైనా చూడకుండా ముందు వచ్చి బిళ్ళ తీయడమే. ఐదోసారి అది నవ్వింది. నేను ఆట ఆడుతున్నాననుకుంది.

దానికి నలభై మాటలు రావు. ఒక్కటి కూడా రాదు. కానీ కావలసింది నా కళ్ళలో ఉందనీ, వాటికి మూత పడిందనీ, మూత తీస్తే దొరుకుతుందనీ ఎవరూ నేర్పకుండా తెలుసుకుంది. దీన్ని ఏమంటారు? నువ్వే చెప్పు, చదువుకుంటున్నదానివి.

నీ చెల్లి

*

ఇల్లు, వంటింటి బల్ల
ఏప్రిల్ 25

చెల్లికి,

మూడుసార్లు చదివి, కళ్ళు తుడుచుకుని, కళ్ళకి గుడ్డ కట్టుకుని గిన్నెల వెనక నిలబడ్డాను. దొర కాసేపు చూసి, ఎడమ గిన్నెకి ఆనుకుని నిద్రపోయాడు. మంచివాడే పాపం, గుడ్డ జోలికి మాత్రం రాలేదు.

నీ అనుమతి లేకుండా ఒక పని చేశాను. ఎవరి పిల్లో చెప్పకుండా సంగతంతా ప్రొఫెసర్‌గారికి చెప్పాను. ఆవిడ సుద్దముక్క కింద పెట్టి బల్ల మీదే కూర్చుండిపోయారు. "నేను చెప్పే పాఠాల్లో సగం ఆ తొమ్మిదిసార్లలో ఉంది" అన్నారు. దాన్ని ఏమంటారని అడిగాను. "పేరు తర్వాత పెట్టుకోవచ్చు. ముందు ఆ అమ్మని రెండు పేజీలూ రాయమనండి" అన్నారు.

అందుకని ఈ ఉత్తరంతో పాటు కొత్త నోటుపుస్తకం పంపుతున్నాను. గీతలు నేనే కొట్టాను, స్కేలు పెట్టే. నువ్వు వెక్కిరించుకో. ఎడమవైపు పిచ్చుక ఏం చేసిందో రాయి. కుడివైపు నువ్వెక్కడున్నావో, ఎటు చూస్తున్నావో, నీ ముఖం ఎలా ఉందో రాయి. ఒక్క మాటతో మళ్ళీ మొదలుపెట్టు. నీళ్ళతో పెట్టు. దాహం వేసినప్పుడే అడుగు, నిజం నీళ్ళ గ్లాసు దగ్గర పెట్టుకుని, నల్ల బిళ్ళలు వేసుకుని.

ఫారం మార్చు. ఇంకా ఇరవై అయిదు రోజులున్నాయి.

నేను బెంచీ మీద కూర్చోవడానికి వస్తానా, వద్దా?

మీ అక్క

*

ఇల్లు, ముందు గది
మే 23

అక్కకు,

నువ్వు బెంచీ మీద నా పక్కనే ఉన్నావు, అయినా లోపల జరిగింది నీకు తెలియదు. పిచ్చుకతో బయటికొచ్చాక నేను ఏడుస్తుంటే, అడిగే వ్యవధి లేక, బస్సు టైమైందని నువ్వు పరిగెత్తావు. ఫోన్లో చెబితే మధ్యలో నేనే ఏడ్చేస్తాను. అందుకే రాస్తున్నాను.

ఫారంలో "నలభై మాటలు" కొట్టేసి పక్కన ఇలా రాశాను: "మాటలు రావు. మా ముఖాలు చదువుతుంది. ముఖం కనిపించకపోతే అడ్డు తీసేస్తుంది. నీళ్ళ కార్డు నేర్పుతున్నాం, ఇంకా రాలేదు." నోటుపుస్తకం కూడా ఇచ్చాను. టీచరు తలుపు మూసే ముందు నిలబడే నాలుగు పేజీలు చదివింది. ఎడమవైపు చదివి, కుడివైపు చదివి, మళ్ళీ ఎడమవైపుకి వచ్చింది. "ఇంతమంది అమ్మలు వస్తారు, తమ గురించి రాసుకొచ్చిన అమ్మ మీరే" అంది. మా అక్క నేర్పిందని చెప్పాను. నువ్వప్పుడు బెంచీ కింద గొడుగు వెతుక్కుంటున్నావు.

లోపల జరిగింది, అరగంటయ్యాక నన్ను లోపలికి పిలిచి టీచరే చెప్పింది. కార్డులు పరిచిందట. "దువ్వెనేది?" అందట. పిచ్చుక ఆవిడ ముఖం వంక చూసిందట. వాళ్ళకి ఆ విద్య వచ్చు, ముఖం రాయిలా పెట్టి కూర్చుంటారు. పిచ్చుక దగ్గరికొచ్చి ఆవిడ కళ్ళజోడు తీసేసిందట! బల్ల మీద పెట్టి, మళ్ళీ చూసిందట. అక్కడా ఏమీ దొరకలేదు. ఇదేం మనిషిరా బాబూ అనుకుని ఉంటుంది. చాలాసేపు ఊరికే కూర్చుందట. టీచరు అడగడం మానేసింది, కళ్ళజోడు లేక తనకే కార్డులు మసకగా ఉన్నాయట. అప్పుడు పిచ్చుక నేల మీది కార్డుల్లోంచి ఒకటి తీసి ఆవిడ చేతిలో పెట్టిందట. ఆవిడ కళ్ళ దగ్గర పెట్టుకుని చూస్తే నీళ్ళ కార్డు. ఎవరూ అడగలేదు, అక్కా. గ్లాసు ఇస్తే మొత్తం తాగేసింది.

ఒక్కసారికే ఏమీ తేలదని నువ్వంటావు. నాలుగింట్లో ఒకటి గుడ్డిగానూ రావచ్చంటావు. నాకూ తెలుసు. టీచరూ అదే అంది. "ఇంకో పంతొమ్మిదిసార్లు చూడాలి, సోమవారం నుంచి పంపండి" అంది. తన కళ్ళజోడు నా చేతికిచ్చి, "దీన్ని మాత్రం రోజూ ఇంట్లో పెట్టి రావాలి కాబోలు" అని నవ్వింది. ఒక కాడ వంకరపోయి ఉంది. అక్కడే నిలబడి సరిచేసి ఇచ్చాను.

నోటుపుస్తకం తిరిగి తీసుకున్నాను. ఆ రోజు పేజీ నింపి, నీకోసం ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.

ఎడమవైపు: మే 20. పదకొండున్నర. నీళ్ళ కార్డు, ఎవరూ అడగకుండా. ఒక్కసారి.

కుడివైపు: అమ్మ గదిలో లేదు.

నీ చెల్లి